నడిచి వచ్చిన నక్క

మార్చి 11

నా కొడుకు బెల్‌గాసెమ్ ఒంటె మీద గంపలో ఫెనెక్‌ను తెచ్చాడు. మా డూజ్ ఊరి ఎడారి ఇసుకలో తిరిగే చిన్న నక్క, ఒంటికి మించిన చెవులు. పగటిపూట కంటపడదు. ఎలా పట్టావురా అన్నాను. పట్టలేదమ్మా, మిట్టమధ్యాహ్నం అదే నా కాళ్ల దగ్గరికి నడిచొచ్చింది, నీ కొడుకు ముఖం అంత మంచిది మరి, అన్నాడు. టూరిస్టుల ఫోటోలకు పనికొస్తుందట. మా మేక పక్కనే బోను పెట్టాడు.

ఎనిమిదేళ్ల మనవరాలు రహ్మాకు ముందే చెప్పాను. ముట్టుకుంటే అరచేతిలో పది స్కేలు దెబ్బలు.

మార్చి 12, ఉదయం 7

ఖర్జూరాలు మూడు పెట్టాను. మూడూ మిగిలాయి. మిడతలు ఐదు. ఐదూ మిగిలాయి. నీళ్లు ముట్టలేదు. ఈ జాతికి నీళ్లు అక్కర్లేదని మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు.

మార్చి 14

బోను తలుపు తీసినా పారిపోలేదు. మేక మూతి నాకుతూ కూర్చుంది. పక్కింటి మబ్రూకా చూసి, టీచరమ్మా, నీ బడిపిల్లలకంటే ఇదే బుద్ధిగా ఉందే, అని నవ్వింది.

మార్చి 15

రహ్మా జడ వేయించుకోనంది. నువ్వు గట్టిగా లాగుతావు నానమ్మా, నేనే వేసుకుంటా, అంది.

మార్చి 16

నక్క చచ్చింది.

ఏప్రిల్ 2, ఉదయం 9

మేకకు పిచ్చెక్కింది. కట్టుకొయ్యను పళ్లూడేలా కొరికింది. పశువుల డాక్టరు దూరం నుంచే చూసి, ఈమధ్య దీన్ని నక్క గానీ కుక్క గానీ కరిచిందా అన్నాడు. బెల్‌గాసెమ్ ఆ నక్క సంగతంతా చెప్పాడు.

పగలు నడిచి రావడం, తిండి మానడం, భయం పోవడం. అన్నీ రేబిస్ గుర్తులేనట. అన్నీ ఈ డైరీలో నా చేతిరాతలోనే ఉన్నాయి.

రహ్మాను పిలిచి, ముట్టుకున్నావా అన్నాను. లేదు నానమ్మా, అంది.

11 గంటలు

ముప్పై ఆరేళ్లు బడిలో వాడిన స్కేలు. రహ్మా ఎదుటే విరిచాను. కొట్టను తల్లీ, అన్నాను. రహ్మా ఆ ముక్కలను చూసింది. తర్వాత జుట్టు పైకెత్తింది. మెడ మీద రెండు చుక్కలు, మానిపోయి ఉన్నాయి. ముద్దు పెట్టబోతే కరిచిందట. ఎప్పుడు? జడ వద్దన్న ముందురోజు.

సాయంత్రం 5

ఇంజెక్షన్లు వేశారు. డాక్టరమ్మ నన్ను కసరలేదు. కసిరితే బాగుండేది. ఆలస్యమైంది పెద్దమ్మా, పైగా గాయం తలకు దగ్గర, అంది. కరిచినచోట దురద మొదలైతే ఇక ఏ మందూ పనిచెయ్యదట. రోజూ అడుగుతూ ఉండు అంది.

ఏప్రిల్ 5

రెండో ఇంజెక్షన్. దురద: ఉదయం లేదు. మధ్యాహ్నం లేదు. సాయంత్రం లేదు.

అడిగినప్పుడల్లా చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి జవాబిస్తోంది. అలా నిలబడటం నేనే నేర్పాను.

ఏప్రిల్ 7

లేదు. లేదు. లేదు.

బెల్‌గాసెమ్ కుస్కుసు పళ్లెం తోసేసి, నన్నెందుకు తిట్టవమ్మా, తిట్టు, అన్నాడు. పళ్లెం మళ్లీ వాడి ముందుకే జరిపాను.

ఏప్రిల్ 8, ఉదయం 6

అడిగాను. లేదు నానమ్మా, అంది.

దాని గోళ్ల కింద రక్తం ఉంది.