ఒక్క మాటా రాయని సభ్యులు

ఇరింజాలకుడ,
జూన్, వానలు మొదలైన వారం

అక్కలాంటి రోసిలి చేచ్చికి, నీ మినీ ప్రేమతో,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చదివినట్టు గుర్తు పడుతుంది, జవాబు రాదు. కాగితమైతే కనీసం కవరు చింపడానికైనా నీ చెయ్యి తగులుతుందని ఇలా రాస్తున్నాను. పాల్సన్ చేట్టన్ చెయ్యి ఏమైనా కదులుతోందా? పక్షవాతం వచ్చిన భర్తను నువ్వొక్కదానివే ఎత్తి దించుతున్నావు. నీ నడుం సంగతి అడిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ముఖ్యమైన సంగతి ఒకటి. మంచాన పడ్డవాళ్ళను చూసుకునే మనలాంటి ఆడవాళ్ళ కోసం మనిద్దరం, రోగికి తోడు కూర్చోవడమనే పేరుతోనే, పెట్టిన 'కూట్టిరిప్పు' ఫోరాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. పాతదాన్ని తయారుచేసినవాళ్ళు బాగుచేయడం మానేశారు. చిల్లు పడితే పూడ్చే దిక్కు లేదు. కాబట్టి గ్రంథాలయంలో బేబి మాస్టారు దగ్గరికి వెళ్ళాను. బడి పిల్లలకు కంప్యూటర్ చెప్పి రిటైరయ్యాక ఆయన అక్కడి కంప్యూటర్ బల్ల వదలడం లేదు.

"కొత్త సాఫ్ట్‌వేర్లు మూడున్నాయమ్మా. మూడూ ఉచితమే, మూడింటి లోపలి రాతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అందం మాత్రం చూడకు," అన్నారు.

"మరేం చూడాలి మాస్టారూ?"

"అద్దెకు దిగేముందు ఏం చూస్తావు?"

"వంటగది."

"అనుకున్నాను. ముందు బయటికెళ్ళే తలుపు చూడాలి. రేపు నచ్చకపోతే, మీరు రాసుకున్నవన్నీ మూట కట్టుకుని పోనిస్తుందా లేదా?"

మూడింటినీ నా పాత ఫోన్లోనే పెట్టి చూశాను. ఒకటి చాలా అందంగా ఉంది కానీ, పేజీ తెరుచుకునేలోపు గంజి పొంగిపోయింది. రెండోదాంట్లో ఎవరో అడిగిన ప్రశ్న రెండేళ్ళుగా అలాగే పడి ఉంది. తయారుచేసినవాళ్ళు తొంగి కూడా చూడలేదు. మూడోది చూడ్డానికి రేషన్ కార్డులా ఉంటుంది. అయితే మన అక్షరాలు విడిపోతున్నాయని రాస్తే, పోలండ్‌లో ఎవరో అబ్బాయి తెల్లారేసరికి సరిచేసి పంపాడు. దాన్నే తీసుకున్నాను. ఊరికే వాడుకోవడం బాగుండదని, దాని మీటల పేర్లన్నీ మలయాళంలోకి మార్చి పంపుతున్నాను.

నువ్వుంటే నవ్వేదానివి. ఆ రోజు మీ వంటింట్లో నువ్వన్నది ఇంకా చెవిలోనే ఉంది. "మినీ, మనిషిని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి, బొమ్మలో బస్సులెన్నో చెప్పాలా? అందరి ఫోన్లలో ఉన్న గ్రూపులోకి పోదాం పద."

"అక్కడ చెప్పింది శుభోదయాల కింద పడి మాయమైపోతుంది చేచ్చీ. ఏడాది తర్వాత వచ్చినదానికి దొరకొద్దూ?"

"ఏడాది తర్వాత వచ్చేదాని మీద ఉన్న ప్రేమ ఎదురుగా ఉన్నదాని మీద లేదు నీకు," అన్నావు. ఆ సాయంత్రమే నీ ఖాతా తీసేయమని రాశావు. తీసేశాను. నువ్వు చెబుతుంటే నేను రాసిన పట్టిక, రోగిని ఎప్పుడు ఏ పక్కకు తిప్పాలో చెప్పేది, మాత్రం అలాగే ఉంది. కొత్త ఇంట్లోనూ అదే మొదటి పేజీ. అప్పట్లో నువ్వు చెప్పినదాంట్లో చివరి వాక్యం ఒకటి, అది వైద్యం కాదని నేను కొట్టేశాను. ఎందుకో ఈమధ్య అది గుర్తొస్తోంది.

నీ,
మినీ

*

ఇరింజాలకుడ,
జులై

చేచ్చీ,

ఇది చదివి చింపెయ్యి.

ఫోరంలో ఎవరూ రాయడం లేదు. నువ్వు వెళ్ళాక ఒక్కొక్కరే తగ్గారు. ఇల్లు మార్చాక అసలే లేరు. పాలక్కాడ్ నుంచి సరోజం అనే ఆవిడ అత్తగారికి గొట్టంతో గంజి ఎలా పట్టాలని అడిగింది, చూశావో లేదో. దానికి నేను ఓపికగా జవాబు రాశాను. ఆవిడ దండం పెట్టింది. చేచ్చీ, ఆ సరోజం నేనే. ఖాళీ పేజీ చూసి కొత్తగా వచ్చినవాళ్ళు వెనక్కి పోతారేమోనని మొదటిసారి చేశాను. తర్వాత అలవాటైపోయింది. ప్రశ్న రాసి, అన్నం వార్చి, వచ్చి జవాబు రాసేదాన్ని. నిన్న సరోజం "మీరెలా ఉన్నారు సౌదామినీ?" అని నా పూర్తి పేరు పెట్టి అడిగింది. అది రాసింది నేనేనని తెలిసి కూడా కళ్ళు తడిశాయి. అక్కడే భయమేసింది.

మా అత్తగారు పోయాక ఆవిడ మంచం తీసేసిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. మా ఆయనకు కాసరగోడ్ బదిలీ, రెండు వారాలకోసారి వస్తారు. వచ్చినా "నీ కంప్యూటర్ ఎలా ఉంది?" అని అడుగుతారు, ఆవునో మేకనో అడిగినట్టు. పొద్దున్నే లేచి ఎవరిని తిప్పాలి, ఎవరికి తుడవాలి? అందుకే దాన్ని పట్టుకుని వేలాడాను.

బేబి మాస్టారికి చెప్పేశాను, నెలాఖరుకు మూసేద్దామని.

"ఎవరైనా చదువుతున్నారేమో కనుక్కున్నావా?" అన్నారు.

"రాయనివాళ్ళు చదువుతారా మాస్టారూ?"

"నేను రోజూ నాలుగు పేపర్లు చదువుతానమ్మా. ఏ ఎడిటరుకైనా ఉత్తరం రాశానా?"

ఆ మాట పట్టించుకోలేదు. మూసేముందు ఇల్లు శుభ్రం చేసి ఇవ్వడం నా అలవాటు కదా. ఒక్క మాటైనా రాయని ఖాతాలన్నీ ఒకేసారి తుడిచేసే సదుపాయం ఇందులో ఉంది. ఆ మీటకు మలయాళం పేరు పెట్టింది కూడా నేనే. పొద్దున నొక్కాను. సరోజాన్ని కూడా తీసేశాను. ఇప్పుడు అద్దంలా ఉంది. చూసేవాళ్ళే లేరు.

సౌదామిని

*

ఇరింజాలకుడ,
ఆగస్టు

రోసిలి చేచ్చీ,

మూయడం లేదు.

తుడిచేసిన మర్నాడు మెయిల్ తెరిస్తే ఉత్తరాల మీద ఉత్తరాలు. కొడుంగల్లూర్ నుంచి ఒకావిడ "నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఆమెకు రాయడం రాదట, చదవడం మాత్రం వచ్చట. కూతురి చేత రాయించింది. ఇంకొకామె, "అన్నీ ముందే రాసి ఉన్నాయి, అడగడానికేం మిగిలింది? రోజూ వచ్చి చూసుకుని పోతాను," అంది. మనం అంత బాగా జవాబులు రాశాం కాబట్టే వాళ్ళు అడగలేదు చేచ్చీ. నోరు విప్పినవాళ్ళనే నేను లెక్కపెట్టాను. ఇంటి ఖర్చుల లెక్కలు రాసుకునే మనిషిని, అంతకన్నా ఏం తెలుస్తుంది?

బేబి మాస్టారి కంప్యూటర్లో పాత నకలు ఉండబట్టి అందరినీ తిరిగి తెచ్చాం. "తలుపు బయటికి పోవడానికే కాదు, లోపలికి రావడానికి కూడా," అన్నారు. అంతకుమించి ఒక్క మాట దెప్పలేదు. పోలండ్ అబ్బాయికి కూడా రాశాను, ఆ తుడిచే మీట పక్కన ఒక్కో సభ్యురాలు ఆఖరుసారి చదవడానికి వచ్చిన తేదీ కనబడేలా చెయ్యమని. చేశాడు. ఇక ఏ దేశంలో ఎవరు నొక్కబోయినా అది కనిపిస్తుంది. కింద నా పేరు కూడా వేశాడు. మా ఆయన వచ్చినప్పుడు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

అసలు చెప్పాల్సింది ఇది. వచ్చినవాటిలో ఒక మెయిల్‌కు 'ఇలంజి' అన్న పువ్వు పేరు తప్ప ఏమీ లేదు. నాలుగే వాక్యాలు.

"నా ఖాతా కనబడటం లేదు. నేను రాయను, తిప్పే పట్టిక చూసుకోవడానికే వస్తాను. వీలైతే నన్ను మళ్ళీ చేర్చండి. పట్టిక చివర, తిప్పేటప్పుడు మాట్లాడుతూ ఉండండి, జవాబు రాకపోయినా, అని కూడా పెడితే బాగుంటుంది."

చేచ్చీ, ఆ వాక్యం ఫోరంలో ఎప్పుడూ లేదు. మీ వంటింట్లో నువ్వు చెబితే నేను రాసి, అక్కడే కొట్టేసిన వాక్యం అది. దాన్ని విన్నది నేనొక్కదాన్నే.

పొయ్యి కట్టేసి కూర్చుండిపోయాను. ఇలంజి చేరిన తేదీ చూశాను. నువ్వు నీ ఖాతా తీసేయమన్న మర్నాడే. అప్పట్నుంచి ప్రతి ఉదయం వచ్చి వెళ్ళింది. ఆ పట్టికను తయారుచేసిన మనిషికి దాన్ని రోజూ చూసుకోవాల్సిన పనేమిటో నేను అడగను. సరోజం మాటలు కూడా చదివి ఉంటుంది. చదివి ఊరుకుంది.

ఇలంజిని మళ్ళీ చేర్చాను. నువ్వెవరని అడగలేదు. వాక్యాన్ని పట్టిక చివర, మిగతావాటికంటే కాస్త పెద్ద అక్షరాల్లో పెట్టాను.

ఇవాళ వాన తెరిపిచ్చింది. పనసకాయ వేపుడు కొంచెం మాడింది. పాల్సన్ చేట్టన్‌ను తిప్పేటప్పుడు నేనడిగానని చెప్పు. నువ్వు జవాబు రాయక్కర్లేదు. రేపు పొద్దున ఫోరంలో ఏదో ఒకటి రాస్తాను, ఎల్లుండి కూడా.

నీ,
మినీ