నీలం దారం

భాగ్యా,

నువ్వు కరోనాతో పోయి నేటికి ఏడాది. మళ్లీ లాక్‌డౌన్ పెట్టి మగ్గాలు ఆపేశారు. ఇంట్లో ఖాళీగా ఉన్నాను కదా, నీ పాత కుట్టుమిషన్‌కు నూనె వేద్దామని మూత తీశాను.

నువ్వు పోయిన రోజు నుంచి దాన్నెవరూ ముట్టొద్దని చెప్పాను. ఏడాదిగా కదలని చక్రం బిగుసుకుపోవాలి. చెయ్యి పెట్టగానే గిర్రున తిరిగింది! మిషన్ పాదం కింద నువ్వు మడిచిపెట్టే గుడ్డముక్క మీద నూనె చుక్క ఇంకా తడిగానే ఉంది.

పక్కింటి కాంతాబెన్ మీదికే పోయింది నా అనుమానం. చీరలకు లేసు కుట్టుకుంటానని మిషన్ అడుగుతూనే ఉంటుంది. నేను డ్యూటీకి పోగానే మన లత తలుపు తీస్తోందేమో.

"మిషన్ ఎవరు ముట్టిండ్రు బిడ్డా?"

"ఎవరు ముడ్తరు బాపూ? జర చాయ్ తాగు" అంది, నా మొహం చూడకుండా.

బ్రష్‌తో సూది కింద దులిపితే నీలం పోగులు రాలాయి. బాబిన్‌లోనూ నీలం దారమే. ఎవరి చీరకో అనుకుంటూ నా చొక్కా వైపు చూసుకున్నాను. అదీ నీలమే.

విప్పి తిరగేశాను. రెండు పక్కలా పాత కుట్టుకు లోపల కొత్త కుట్టు ఉంది. రెండేసి వేళ్ల గుడ్డ లోపలికి పోయింది.

నువ్వు పోయాక నేనేం చిక్కలేదని, చొక్కాలన్నీ ఎప్పటిలాగే సరిపోతున్నాయని ఊళ్లో మీ అక్కకు ఫోన్‌లో గొప్పగా చెబుతున్నాను.

లతనింకేమీ అడగలేదు. తెల్ల చొక్కా ఒకటి ఇంకా వదులుగానే ఉంది. అందుకే మిషన్‌కు నూనె వేసి, సూదికి తెల్లదారం ఎక్కించి, మూత పెట్టేశాను.