ముడులతో కొలిచిన కంప్యూటర్లు

మంగళవారం, పోచంపల్లి

పెద్ద చదువు లేని నేతగాడికి మిషన్ల సంగతి ఏం తెలుసని చేనేత సంఘం సెక్రటరీ పదేళ్లుగా నన్ను తీసిపారేస్తున్నాడు. ఈరోజు అతనికి నా చేతి లెక్క చూపించాను.

చీరల డిజైన్లు గీయడానికి సంఘం కంప్యూటర్ కొంటోంది. గీసేది నా బిడ్డ సువర్ణ. నల్లగొండ దుకాణంలో రెండు చూపించారు, ఒకటి తక్కువ ధరకు వచ్చే పాతరకం 486, ఇంకొకటి ధర ఎక్కువున్న కొత్త పెంటియం. సెక్రటరీ రెండింటిలోనూ కార్ల ఆట ఆడించి చూశాడు.

"రెండూ ఒక్కతీర్గనే ఉరుకుతున్నయ్ కదనే. అగ్గువది చాలు."

"ఆటలాడనీకి కొంటున్నమా సారూ? నేర్చుకునే కాడ బిడ్డ గీసిన చీర ఈ ఫ్లాపీల ఉన్నది, అది పెట్టుండ్రి."

చీర బొమ్మ తెర మీదికి పూర్తిగా వచ్చేదాకా జేబులోని నూలుపోగుకు ముడులు వేస్తూ కూర్చున్నాను. 486కు ఇరవై మూడు ముడులు పడ్డాయి. పెంటియంకు ఆరే. యాభై ఏళ్లు పోగులు కట్టిన చెయ్యి ఇది, దీని వేగం మారదు.

"నీకు గడియారం ఎందుకు పెద్దాయనా," అని దుకాణమాయన నవ్వాడు. సెక్రటరీ మాత్రం "సూద్దాం తియ్" అన్నాడు.

ఆ మాటతోనే నాకు ఫికర్ పట్టుకుంది. రంగు మార్చినప్పుడల్లా నా బిడ్డ ఇరవై మూడు ముడులసేపు ఊరికే కూర్చోవాలా? వచ్చేటప్పుడు ఆ పోగును అతని చేతిలోనే పెట్టాను. శుక్రవారం పొద్దుగూకేలోపు ఏది కొంటున్నాడో నా ముఖం చూసి చెప్పాలని గట్టిగా అడిగి వచ్చాను.