నాలుగు టీలు

హల్, మార్చి 2005

నా మావిస్ అక్కకు,

నువ్వూ, విట్బీ సముద్రపు గాలీ, బావ నడుము నొప్పీ అంతా కులాసా అనుకుంటాను. ఫోన్ చేస్తే సగంలోనే "పోనీలేవే గ్లెన్" అని నా నోరు కట్టేస్తావు. ఉత్తరానికి అడ్డు రాలేవు కదా, అందుకే రాస్తున్నాను.

నిన్న మన గుమ్మంలోకి ఎవరొచ్చారో చెప్పనా? క్లైవ్. అవును, ఆ క్లైవే, మా 'గటింగ్ షెడ్' బ్యాండ్‌లో పాడిన మహానుభావుడు. టీవీలో చూసినప్పటి చెంప ఎముకలు కొవ్వులో కలిసిపోయాయి, జుట్టుకి నల్లరంగు, మెడకి ఎర్ర మఫ్లరు. నేను బడిలో పిల్లలకు భోజనం వడ్డించి, ఒంటినిండా ఉడికిన బఠానీల వాసనతో అప్పుడే ఇంటికొచ్చాను.

"ఏం గ్లెన్, గుర్తుపట్టావా?" అన్నాడు.

"గొంతు విన్నాక పట్టాను. ముందు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చారనుకున్నా," అన్నాను.

నవ్వాడు. లోపలికొచ్చి తిన్నగా అమ్మ కుర్చీలోనే కూర్చున్నాడు, ఒళ్ళు మండిందనుకో. సంగతేమిటంటే, మా పాత పాట 'ఐసు చేతులు' ఏదో కారు ప్రకటనలో వాడుకున్నారట. కుర్రకారుకు దాని మీద పిచ్చి పట్టిందట. మాంచెస్టర్‌లో పెద్ద హాలు ఇస్తామంటున్నారట, కానీ అసలు నలుగురూ స్టేజి మీద ఉంటేనేనట.

"నువ్వు లేకపోతే కుదరదు గ్లెన్."

"అప్పుడు కుదిరిందిగా?"

"పాతికేళ్ళయింది. ఇంకా ఆ కోపమేనా?"

"నాకెందుకు నాయనా కోపం? కూర్చో, టీ పెట్టుకొస్తా. నేను తెచ్చేలోగా వెళ్ళిపోవుగా?"

వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదక్కా. ఎందుకో నీకు తెలియదు. అమ్మయితే తెలియకుండానే పోయింది. ఇవాళ చెబుతున్నాను, విను.

బ్యాండ్ మొదలైంది మన వంటింట్లోనే అని నీకు గుర్తుండే ఉంటుంది. పంక్ సంగీతం పిల్లలు పిన్నీసులు గుచ్చుకుని అరిచి అరిచి అలిసిపోయిన రోజులవి. మా పాటల్లో గిటారు వెనక్కి జరిగి, నా బేస్ గిటారు ముందుకొచ్చింది. క్లైవ్ పాట, గ్రేయమ్ గిటారు, నెవిల్ డ్రమ్స్. బ్యాండ్ పేరు మాత్రం నాది. అమ్మ చేపల పొట్టలు కోసిన షెడ్డు పేరు. మొదటి రికార్డుకు అట్టలు మడిచి బంక పెట్టింది అమ్మే కదా, ఇల్లంతా చేపల వాసనా బంక వాసనా. రేడియోలో పాట వచ్చిన మర్నాడు షెడ్డులో ఆడవాళ్ళందరికీ ప్యాటీలు, చిప్స్ కొని పెట్టింది. నేను లండన్ కంపెనీకి రికార్డు చేస్తానని, ఇక ఎవరూ తనని చేపల కంపు అనరని ఎంత మురిసిపోయిందో.

ఆ కంపెనీ వాళ్ళు మమ్మల్ని పిలిపించుకున్నారు, విన్నారు, మళ్ళీ కబురు చేస్తామన్నారు. తిరిగొస్తూ మోటార్‌వే పక్కన హోటల్ దగ్గర ఆగాం. టీ తెచ్చే వంతు నాది. నాలుగు టీలు పళ్ళెంలో పెట్టుకుని బయటికొస్తే మా వ్యాన్ లేదు. వ్యాన్ ఆగిన చోట గోడకు ఆనించి నా బేస్, పక్కన నా సంచి. వాన పడుతోంది. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళారనుకున్నాను. నేనెంత పిచ్చిదాన్నో చూడు, వాళ్ళ టీలు చల్లారకుండా పైన కోటు కప్పి నిలబడ్డాను!

చివరికి నాలుగూ నేనే తాగాను. హల్ తిరిగొచ్చే చేపల లారీ ఆయన ఎక్కించుకున్నాడు. వారం పోయాక క్లైవ్ ఫోన్ చేశాడు. "కంపెనీకి బాగా వాయించే మనిషి కావాలట గ్లెన్. ఎదురుగా చెప్పలేకపోయా. అయినా నువ్వు వాయించేది ఎవరైనా వాయిస్తారు," అన్నాడు. ఆ చలికాలం టీవీలో ఎవడో మెరుపుల కోటు వేసుకుని నా రాగం వాయిస్తున్నట్టు నటిస్తుంటే, పక్కన కూర్చున్న అమ్మ "నువ్వెందుకు మానేశావే?" అంది. "మగపిల్లల కంపు సాక్సులు భరించలేకపోయానమ్మా," అన్నాను. నీకూ అదే చెప్పాను. అందరూ నవ్వారు. నా కడుపు అప్పట్నుంచీ మండుతూనే ఉంది.

క్లైవ్‌కు టీ ఇచ్చాను. వస్తానని మాటిచ్చాను. ఎందుకో తెలుసా? 'ఐసు చేతులు' నా ఒక్కదాని బేస్‌తో మొదలవుతుంది. హాలు నిండి, దీపాలన్నీ వాడి మొహం మీద పడ్డాక, నేను మొదలుపెట్టను. బేస్‌ని జాగ్రత్తగా గోడకు ఆనించి దిగి వెళ్ళిపోతాను. నేను నిలబడ్డట్టు వాడూ నిలబడాలి. అది కళ్ళారా చూడాలి నేను.

నీ చెల్లి,
గ్లెనిస్


హల్, ఏప్రిల్

అక్కా,

నీ జాబు చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. "ఆ పాట వాడిది కాదే" అని రాశావు. ఏ పిల్లయినా పెళ్ళి చేసుకుని షెడ్డులో పని మానేసే రోజున ఆడవాళ్ళంతా కత్తి పిడులతో బల్లల మీద వాయించే దరువే కదా నీ బేస్‌లో ఉన్నది, దాన్ని ఆపితే ఎవరి చేతులు ఆపినట్టు అని అడిగావు. నీకేం, విట్బీలో కూర్చుని ఎన్నయినా చెబుతావు. ఆ వానలో నిలబడింది నేను.

రిహార్సల్స్ మొదలయ్యాయి. గ్రేయమ్ అప్పటిలాగే ఇప్పుడూ నోరు విప్పడు. ఆ రోజు వ్యాన్ నడిపింది వాడే. నన్ను చూసిన మొదటి రోజు నా బేస్ పెట్టె మోసుకొచ్చి లోపల పెట్టి, బయటికెళ్ళి చాలాసేపు రాలేదు. నెవిల్ మాత్రం వసపిట్ట. "నేను వెనకాల పడుకుని నిద్రపోతున్నా గ్లెన్. లేచి నువ్వేదని అడిగితే, ఎవరో స్నేహితుల కారులో వెళ్ళిందన్నాడు క్లైవ్. నమ్మాను, గాడిదని," అన్నాడు.

వాడే ఇంకో సంగతీ చెప్పాడు. క్లైవ్‌కు దరువు లెక్క ఏనాడూ రాదు, నీకు తెలియదు గానీ. వంటింటి రోజుల నుంచీ, ఎప్పుడు ఎత్తుకోవాలో నేను వాడివైపు తిరిగి తల ఊపాలి. అప్పుడే పాడతాడు. అది మాకు ఎంత అలవాటంటే నేనే మరిచిపోయాను.

"నువ్వు పోయాక ఆ పాట ఒక్కసారైనా సరిగ్గా పాడాడనుకున్నావా?" అన్నాడు నెవిల్. "టీవీలోనంటే రికార్డు తిరుగుతుంటే పెదాలు కదిపితే చాలు. ఊళ్ళలో కచేరీలు చేసేటప్పుడు తప్పు చోట ఎత్తుకునేవాడు, జనం ఒకటే నవ్వు. కొత్త బేస్ అబ్బాయిని తల ఊపమని అడగడానికి నామోషీ. చివరికి ఆ పాటే తీసేశాడు. జనం వచ్చేది ఆ పాట కోసం! ఇంకేముంది, కీబోర్డులు తెచ్చాం, సూట్లు వేశాం, మూడో రికార్డు మా అమ్మ కూడా కొనలేదు. బ్యాండ్ అలా మట్టి కొట్టుకుపోయింది."

నాకెంత ఆనందమేసిందో చెబితే నువ్వు చర్చిలో నా పేరున ప్రార్థన చేయిస్తావు. ఇంటికొస్తూ బస్సులో గట్టిగా నవ్వేశాను. ఎదుటి సీటు ముసలాయన లేచి వేరే చోట కూర్చున్నాడు.

అయినా అది చాలదు. ఆ సంగతి వాడికి తెలుసు, నెవిల్‌కు తెలుసు. జనానికి తెలియదు కదా. నిన్న రిహార్సల్లో నేను వాడివైపు తిరిగి తల ఊపాను. వెంటనే అందుకుని పాడాడు, వాడి మొహం వెలిగిపోయింది. పాడి పాడి "చూశావా, మనం ఏం మరిచిపోలేదు!" అన్నాడు. మనమట! పళ్ళు నూరుకుంటూ నవ్వాను. నా నిర్ణయం మారలేదు. ఆ హాలులో వాడిని వదిలేసి వస్తాను. నువ్వు టికెట్ కొనకు, చూడలేవు.

గ్లెన్


హల్, మే

బంగారు అక్కా,

నెవిల్ చెప్పాడు, బాల్కనీలో పచ్చ టోపీ పెట్టుకుని బావ పక్కన కూర్చున్నది నువ్వేనట. కొనొద్దంటే కొన్నావన్నమాట! చెప్పకుండా వచ్చి చెప్పకుండానే వెళ్ళిపోయావు, మన ఇంటి బుద్ధి. నువ్వు చూసిందే మళ్ళీ రాస్తాను, నా వైపు నుంచి ఎలా ఉందో నీకు తెలియదు కదా.

ఆ పాట వంతు వచ్చింది. దీపాలు క్లైవ్ మీద. నేను తీగల మీంచి చేతులు తీసేశాను. హాలు నిశ్శబ్దమైంది. క్లైవ్ నావైపు చూశాడు. మైకుకు వినబడకుండా "గ్లెన్, కానియ్" అన్నాడు. నేను కదల్లేదు. వాడి నుదుటి మీద నల్లరంగు చెమటతో కారడం మొదలైంది. ఆహా, ఇదే కదా ఇన్నాళ్ళూ కలగన్నది అనుకుని, బేస్ పట్టీ భుజం మీంచి దించబోయాను.

అప్పుడు బాల్కనీలోంచి దరువు. చేత్తో కుర్చీ చెక్క మీద, కత్తి పిడితో కొట్టినట్టు. అది నువ్వే, నాతో అబద్ధమాడకు! నీ వెనక ఇంకెవరో. తర్వాత కింద బట్టతలల వాళ్ళు కాళ్ళతో. తర్వాత ఆ దరువు మీద నా బేస్ రాగం, ఫుట్‌బాల్ ఆటలో జనం పాడినట్టు హాలంతా గొంతెత్తి పాడింది. వాడి మాటలు కాదక్కా, నా రాగం! నేనెవరో కూడా తెలియని పిల్లలు పాడారు. నేను వాయించేది ఎవరైనా వాయిస్తారన్నాడు కదా. అవును, ఎవరుపడితే వాళ్ళు పాడుతున్నారు. కళ్ళు మసకబారాయి. అమ్మ వినాల్సింది.

పట్టీ మళ్ళీ భుజాన వేసుకుని అందుకున్నాను. పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. కానీ తల ఊపలేదు. రాగం ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. క్లైవ్ మైకు ముందు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నేను గోడ చూస్తున్నాను. ధైర్యం చేసి తప్పు చోట ఎత్తుకున్నాడు, ఆగిపోయాడు. ముందు వరసలో నవ్వులు. నెవిల్ డ్రమ్స్ వెనక పళ్ళికిలించాడు. ఇంకో చుట్టు. "గ్లెన్... నీకు పుణ్యముంటుంది," అన్నాడు, ఈసారి మైకులోనే. అందరూ విన్నారు.

అప్పుడు తిరిగి, అందరికీ కనబడేలా, నిదానంగా తల ఊపాను. వాడు పాడాడు. బడిలో బుద్ధిగా చేతులు కట్టుకున్న పిల్లాడిలా పాడాడు. ఎవరు ఊపితే ఎవరు పాడతారో మాంచెస్టర్ అంతా చూసింది.

నువ్వు అంతవరకే చూశావు. మిగతాది విను.

పాటలయ్యాక గదిలో కూర్చున్నాం. క్లైవ్ తనే పళ్ళెంలో నాలుగు టీలు తెచ్చాడు. కళ్ళలో నీళ్ళు. "నన్ను బాగానే ఏడిపించావు. ఇంతటితో సరా గ్లెన్?" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా మనసు కరిగింది. ఒక గుక్క తాగాను.

"చక్కెర లేదు," అన్నాను.

"అయ్యో, ఉండు, తెస్తా," అని పరుగెత్తాడు.

నేను నెవిల్ వైపు చూశాను. నెవిల్ గ్రేయమ్ వైపు చూశాడు. ఇన్ని రోజులూ నోరు విప్పని గ్రేయమ్ జేబులోంచి వ్యాన్ తాళాలు తీసి, "పోదామా?" అన్నాడు.

క్లైవ్ సంచిని జాగ్రత్తగా గోడకు ఆనించి పెట్టాను. దాని మీద ఎర్ర మఫ్లరు మడిచి పెట్టాను. మూడు టీలు మేం పట్టుకుపోయాం. వాడిది వాడికి వదిలాం, చల్లారకుండా పైన పళ్ళెం మూసి.

పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఇందాక ఎత్తాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. రైలు దొరికిందట. "శనివారం గ్లాస్గోలో ఇంకో కచేరీ ఉంది గ్లెన్. వస్తావా?" అని మాత్రం అడిగాడు, చిన్న గొంతుతో.

"నువ్వు స్టేజి మీద నిలబడి ఉండు. చూద్దాం," అని పెట్టేశాను.

వెళ్తాను అక్కా. బేస్‌కు కొత్త తీగలు కూడా వేశాను. కానీ శనివారం దాకా వాడికి ఎవరూ చెప్పకూడదు, బావతో సహా.

నీ చెల్లి,
గటింగ్ షెడ్ గ్లెనిస్