రెండు బుర్రల యంత్రం

మరియానావో, హవానా
మంగళవారం

చిరంజీవి ఎడెల్‌కు అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టి రాయునది ఏమంటే, ఇక్కడ నేనూ, పిల్లీ, మేడ మీది నీళ్ల తొట్టీ అందరం కులాసా. తొట్టికి అడుగున చిన్న చిల్లి పడితే సబ్బు కుక్కి ఆపాను. మిలిటరీ బూట్లు కరిచిన చోట పుండు మానిందో లేదో నువ్వు రాయలేదు. నీ ఉత్తరం నిండా కంప్యూటర్ సంగతే. పోనీలే, ఏదో ఒక వంకన అమ్మకి రెండు పేజీలు రాశావు, అదే పదివేలు.

ఆసుపత్రిలో బట్టలు ఉతికే యంత్రం మళ్లీ మూలపడింది. దుప్పట్లన్నీ చేత్తోనే ఉతుకుతున్నాం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్లు వంగవు. ఆ వేళ్లతోనే నీ కంప్యూటర్ మరలు విప్పాను నాయనా. నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఫ్యాను శుభ్రం చేశాను. నీ చిన్నప్పటి రంగుల కుంచెతో దులిపితే పిల్లి వెంట్రుకలు ఉండలు ఉండలుగా వచ్చాయి. ఒక బొద్దింక కూడా వచ్చింది పాపం, ఎండిపోయి. దాన్ని చూశాక నీ కంప్యూటర్ ఆట ఎందుకు ముక్కుతూ మూలుగుతూ నడుస్తోందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. కాదట.

ఇక వేడెక్కకుండా ప్రాసెసర్ మీద రాయాల్సిన ముద్ద. నువ్వు రాసినది ఊళ్లో ఎక్కడా దొరకలేదు. ఇంటింటికీ తీగలు లాగి కలిపిన మన వీధి నెట్‌వర్క్ చూసే ఫెర్మిన్ వచ్చి, "అందుకోసం ఊరంతా తిరుగుతావేంటి నెరెయిదా? పళ్లు తోముకునే పేస్టు రాసెయ్. ఈ వీధిలో సగం మెషీన్లు దాని మీదే బతుకుతున్నాయి" అన్నాడు. రేషన్‌లో వచ్చిన ట్యూబు, నేను పొదుపుగా వాడుకుంటున్నది, తీసుకొచ్చి రాశాను. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత పేస్టు ఎండి సున్నంలా రాలింది, కంప్యూటర్ వేడెక్కి తనంతట తానే ఆరిపోవడం మొదలుపెట్టింది. మీ జట్టులో ఆడే లిస్వెట్ వచ్చి మూత తీసి ఒకటే నవ్వు.

"ఇదేంటి పిన్నీ, దీనికి పుదీనా వాసనొస్తోంది! పళ్లు తోమావు సరే, నోరు పుక్కిలించలేదా?"

"నవ్వింది చాలు గానీ ఏం చెయ్యాలో చెప్పవే."

తుడిచి, వాళ్లన్నయ్య దగ్గరున్న అసలు ముద్ద కొంచెం తెచ్చి రాసింది. ఆ పిల్ల నోరు కత్తెరే గానీ చెయ్యి మంచిది. ఇప్పుడు కంప్యూటర్ ఆరిపోవడం లేదు.

ఆటలో బొమ్మ పరిమాణం తగ్గించమన్నావు, తగ్గించాను. నీడలు తీసేయమన్నావు, తీసేశాను. ఇప్పుడు ఆ సైనికులు నీడల్లేకుండా తిరుగుతుంటే చచ్చిపోయినవాళ్లలా ఉన్నారు, నాకు నచ్చలేదు. కరెంటు పొదుపు సెట్టింగు మార్చాను. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ లిస్వెట్ ఆపేసింది. వైరస్‌లు వెతికేదాన్ని నేను డ్యూటీలో ఉన్నప్పుడు వెతుక్కోమని పెట్టాము. ఇన్ని చేసినా పది మంది ఒకచోట చేరి కొట్టుకునేసరికి ఆట ఆగి ఆగి నడుస్తోంది.

నాకెందుకింత యావ అంటావా? చెబుతాను. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నువ్వు సంచి దించి, కంప్యూటర్ ముందు కూర్చుని, కాసేపటికే "ఇది చచ్చిందమ్మా" అని లేచి లిస్వెట్ వాళ్లింటికి వెళ్లిపోయావు. సెలవంతా అక్కడే. ఇంటికి నిద్రకి వచ్చావు, నిద్ర లేచి వెళ్లిపోయావు. నేను నల్ల చిక్కుడు అన్నం వండి, నీ కంచం మీద మూత పెట్టి, చివరికి దాన్ని పక్కింటి హోర్టెన్సియాకి పంపాను. నాకు బాధ వేసింది ఎడెల్. అప్పుడు అనలేదు, ఇప్పుడంటున్నాను. ఈసారి ఆ కంప్యూటర్ బాగుంటే నువ్వు ఇంట్లో ఉంటావని నా ఆశ. ఆ ఆశతోనే బొద్దింకని ఏరాను.

ఇప్పుడు నీకు చెప్పకుండా ఉంచిన మాట.

నువ్వు మిలిటరీకి వెళ్లిన కొత్తలో, కరెంటు పోయి వచ్చిన దెబ్బకి ఫెర్మిన్ కంప్యూటర్ కాలిపోయింది. మన వీధివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ప్రోగ్రాము దాంట్లోనే ఉండేది కదా. "అబ్బాయిది ఖాళీగానే ఉంది కదా, దాంట్లో పెడతాను. దీని ప్రాసెసర్‌కి రెండు బుర్రలు. ఒకటి వీధికి, ఒకటి వాడికి" అన్నాడు. సరే అన్నాను. అప్పటినుంచి వీధి వీధంతా నీ గదిలోంచే మాట్లాడుకుంటోంది. నీ ఆట నత్తనడక నడుస్తోంది అందుకే. అది అడ్డమవుతుందని నాకు తెలియదు, ప్రమాణం. పోయిన ఆదివారం లిస్వెట్ తెర మీద రెండు పచ్చ గీతలు చూపించి, "చూడు పిన్నీ, రెండు బుర్రలూ నెత్తి దాకా నిండిపోయాయి. ఆటకి రెండూ కావాలి. ఈ కబుర్ల ప్రోగ్రాము ఆపెయ్యనా?" అంది. ఆపమన్నాను.

ఆట ఎలా పరిగెత్తిందనుకున్నావు! లిస్వెట్ కుర్చీలోంచి లేచి ఈల వేసింది. నేనూ చప్పట్లు కొట్టాను. నా కొడుకు ఇంట్లో ఉంటాడు, అంతే నాకు.

అప్పుడే తలుపు దబదబ బాదారు. పక్కింటి హోర్టెన్సియా. ఒక కాలికే చెప్పుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నెరెయిదా! అంపారో పోయిందే! మాట్లాడుతూ మాట్లాడుతూ, మాట మధ్యలో పోయిందే నా చెల్లెలు!"

నీకు తెలుసుగా, పెద్దరోడ్డు అవతల మూడో అంతస్తులో ఉండే అంపారో. పక్షవాతం వచ్చాక మంచం దిగలేదు. మోకాళ్ల నొప్పులతో హోర్టెన్సియాకి ఆ మెట్లు ఎక్కడం చేతకాదు. ఇద్దరిళ్లల్లోనూ ఫోను లేదు. తన మనవడి మైకులోంచి అంపారో, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లోంచి హోర్టెన్సియా రోజూ సాయంత్రం మాట్లాడుకుంటారు, వంటల గురించీ, చచ్చిపోయిన మొగుళ్ల గురించీ. డాక్టరు ఇంకెంతో కాలం లేదన్నాడట. అంపారోకి చెప్పలేదు గానీ హోర్టెన్సియాకి చెప్పారు.

నేనే ఆ ప్రోగ్రాము మళ్లీ పెట్టాను. హోర్టెన్సియాని నీ కుర్చీలో కూర్చోబెట్టి నీ హెడ్‌ఫోన్స్ పెట్టాను. కాసేపు గరగర. తర్వాత పక్కన నిల్చున్న నాకు కూడా వినిపించింది.

"ఎక్కడికి చచ్చావే? చిక్కుళ్లలో జీలకర్ర ఎప్పుడెయ్యాలో నేను చెబుతుంటే!"

హోర్టెన్సియా ఏడుస్తూ, "నువ్వేం చెప్పక్కర్లేదు, నీకు జన్మలో వంట రాలేదు" అని తిట్టింది. తిడుతూనే నా చెయ్యి పట్టుకుంది, దుప్పట్లు ఉతికి వాచిన చెయ్యి. చాలాసేపు వదలలేదు.

అదీ సంగతి. ఆ ప్రోగ్రాము వేరే ఎవరింట్లోనైనా పెట్టమని ఫెర్మిన్‌ని అడిగాను. పగలూ రాత్రీ కంప్యూటర్ ఆన్ చేసి వదిలేసేవాళ్లు ఈ వీధిలో ఎవరూ లేరట. నువ్వు సెలవుకొచ్చాక ఈ ఆదివారం మీ జట్టు ఆడే పోటీ జరిగినంతసేపూ ఆపుదామంది లిస్వెట్, అందరికీ ముందే చెప్పి. న్యాయమే. కానీ ఆ కాసేపట్లోనే అంపారోకి ఏమన్నా అయితే? నేను ఆపలేను నాయనా. నీ కంప్యూటర్, నిన్నడగకుండా ఇచ్చేశాను. కోపం వస్తే రానీ, కానీ నేను ఆపను.

నీ పోటీ పాడవదు. లిస్వెట్ వాళ్లన్నయ్య కంప్యూటర్ నీకోసం అడిగి ఉంచింది, అది మనదానికంటే వేగం. అంటే నువ్వు మళ్లీ అక్కడికే వెళతావు. ఆ సంగతి తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇన్నాళ్లూ దేనికోసం మరలు విప్పానో దాన్ని నా చేత్తో నేనే పోగొట్టుకుంటున్నాను. అలిసిపోయాను, ఇంకో మందు వెతికే ఓపిక లేదు.

శనివారం నువ్వొచ్చేసరికి చిక్కుడు అన్నం పొయ్యి మీద ఉంటుంది. జీలకర్ర ఎప్పుడెయ్యాలో అక్కాచెల్లెళ్లిద్దరూ నీ గదిలోంచే చెబుతారు. ఆట ఎక్కడైనా ఆడుకో, గెలిచి రా. కాని వెళ్లేముందు ఒక్క పూట ఇంట్లో కూర్చో. ఆ కంప్యూటర్ ఇక వేగంగా నడవదు, నేనూ వేగంగా నడవలేను. మా ఇద్దరి దగ్గరా కాసేపు ఉండి వెళ్లు.

ఇట్లు,
నీ కంచం మీద మూత పెట్టి కూర్చునే
అమ్మ