రేవు మీద బాతు టోపీ

ఫిబ్రవరి 2, సోమవారం

పొద్దున్నే ఆఫీసు కాఫీ మెషీన్‌కు ‘ఇక నుంచి నోటితో అడగండి’ అని చీటీ అంటించాను. కొత్తగా చేరిన కుర్ర ప్రోగ్రామర్ నూటి దాని ముందు నిలబడి కాఫీ, కాఫీ అని అరిచాడు. అందరూ నవ్వారు. నాకే నవ్వు రాలేదు.

మా కంపెనీ నడిపే ఆన్‌లైన్ చేపల ఆటలో లాగౌట్ అయినా మనిషి బొమ్మ రేవు మీదే నిలబడి ఉంటుంది. అలా బొమ్మలు పోగుపడి సర్వర్లు నత్తనడక నడుస్తున్నాయట. మూడేళ్లుగా ఆడనివాళ్లందరినీ డేటాబేస్ నుంచి తీసేస్తారట. ఆ తుడిచే ప్రోగ్రామ్‌ను ముందు ఆట కాపీ మీద నడిపి, టెస్టర్‌గా నేను పాస్ అంటేనే లైవ్‌కు, అంటే జనం ఆడే అసలు ఆటకు వెళ్తుంది.

నా పెళ్లాం సైలా పోయి మూడేళ్లు దాటింది. రేవు మీద గాలం పట్టుకుని ఇంకా నిలబడే ఉంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

కాపీ మీద నడిపాం. రేవు ఖాళీ. నా పెళ్లాం లేదు. ఆమె టోపీ మాత్రం చెక్కల మీద పడి ఉంది.

బాతు తల ఉన్న ఎర్ర టోపీ. ఆమె పుట్టినరోజుకు వెక్కిరింపుగా నేనే డేటాబేస్‌లో చేత్తో పెట్టాను, మా టీమ్ లీడ్ హెన్రీకా సరేనన్నాకే. ఆటలో ఇంకెవరికీ అలాంటిది లేదు. అందుకే తుడిచే ప్రోగ్రామ్‌కు దాని ఊసే తెలియదు.

ఇది లోపం. లోపాలు రాయడానికే నాకు జీతం.

రాయలేదు. కాఫీ తాగాను.

ఫిబ్రవరి 4, బుధవారం

నూటికి సైలా సంగతి ఎవరో చెప్పారు. నా దగ్గరకొచ్చి, తోర్స్తీ, ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాస్తే చాలు, మీ ఆవిణ్ణి వదిలేస్తుంది, రాయనా అన్నాడు. మిగతా పోయినవాళ్లకు మీ తాత రాస్తాడా అన్నాను. వాడి మొహం కందిపోయింది. మంచివాడే.

మధ్యాహ్నం హెన్రీకా వచ్చి, ఇంకా ఏం వెతుకుతున్నావయ్యా, కట్టుడుపళ్లు పోగొట్టుకున్నావా అంది. నీ కప్పులోనే వేశాను, చూసుకుని తాగు అన్నాను. కప్పు పక్కన పెట్టేసింది.

పాస్ అని రాశాను.

ఫిబ్రవరి 5, గురువారం

శుక్రవారం లైవ్ ముట్టుకోరాదని మా ఆఫీసు నియమం. కాబట్టి ఈరోజే కానిచ్చారు. అందరూ యాలకుల బన్నులు తింటూ తెర వంక చూశారు. బాగా జరిగిందని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరివో చేతులు కొట్టినట్టుంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

నా బన్ను బల్ల మీదే ఎండింది.

ఫిబ్రవరి 9, సోమవారం

ఒక ఆటగాడి ఫిర్యాదు వచ్చింది. రేవు మీద బాతు టోపీ ఒకటి పడి ఉందట, ఎత్తబోతే రావడం లేదట.

ఇది లోపమా అని అడుగుతూ హెన్రీకా నాకు పంపింది.

కాదు, అది అక్కడిదే అని రాశాను.

ఆమె ఫిర్యాదు మూసేసింది.