బస్తా లేని విగ్రహం

జనవరి 9

స్టేడియం గేటు ముందు బావ విగ్రహం పెడతారట. అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ గొంతులో సంబరం చూడాలి. బతికుండగా విగ్రహమేంటే అన్నాను. ఏడవకురా అంది. నేను ఏడవలేదు. అడిగానంతే.

జనవరి 12

బావ రమ్మంటే వెళ్ళాను. కుస్తీలో ఒలింపిక్స్ గెలిచి ముప్పై ఏళ్ళు దాటినా హాల్లో గోల్డ్ మెడల్ మీద లైటు ఆరదు. పగలు కూడా. విగ్రహం చేసే ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. ఫైనల్లో గెలిపించిన పట్టే విగ్రహంగా కావాలట. వెనకనుంచి నడుం చుట్టూ చేతులు బిగించి, ఇంకొక్క క్షణంలో మనిషిని లేపి వెనక్కి పడేస్తాడనగా, ఆ పోజు. ఫోటోల్లో ఒక పక్కే కనిపిస్తోంది, మనిషి కావాలి అందావిడ.

బావకి తుంటి ఆపరేషన్ అయింది. కుర్చీలోంచి లేవడమే గగనం. చేతుల కొలతలు కూర్చోబెట్టే తీసుకుంది. పట్టులో ఇరుక్కునేవాడు మాత్రం వీడే అని నన్ను చూపించాడు బావ. "మా బస్తా" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. జిమ్‌లో నా పేరది. బావ ఆ పట్టు నేర్చుకుంది నా మీదే. రోజూ పొద్దున్నే ఎత్తడం, పడేయడం, లేవరా అనడం. అప్పటికింకా నాకు బావ కాలేదు, నాతోపాటు జిమ్‌కొచ్చే మామూలు కుర్రాడే.

కుదరదని చెప్పేద్దామనుకున్నాను. ఇద్దరి విగ్రహమండీ అంది ఆవిడ. ఇద్దరు అన్న మాట విని సరేనన్నాను.

జనవరి 20

స్టూడియో అంటే పాత టైర్ల గోడౌన్. ఇంకా రబ్బరు వాసనే. దూలానికి బెల్ట్ కట్టి నా నడుముకి బిగించింది. మడమలు లేచి ఉండాలి. మునివేళ్ళు నేలకి తగిలీ తగలనట్టుండాలి. తల వెనక్కి. కదలకండి సార్ అంటుంది. సార్ అట. నన్నా!

ఇంటికొచ్చేసరికి మెడ కొయ్యబారిపోయింది.

ఈ మెడ సంగతి ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటే పోయేదేముంది. ఒలింపిక్స్ ట్రయల్స్‌కి నేనూ వెళ్ళాల్సినవాణ్ణే. ఇద్దరిదీ ఒకే వెయిట్. జిమ్ నుంచి ఒక్కడికే చోటు. ఇంకొన్ని వారాలుందనగా ప్రాక్టీసులో ఇదే పట్టు పట్టి, మ్యాట్ దాటించి సిమెంటు మీద పడేశాడు. కావాలని చేశాడా, పొరపాటా? నేను అడగలేదు. విరిగిన మెడకి వేసిన కాలర్ తీశాక మళ్ళీ అతనికి బస్తాగానే వెళ్ళాను. మెడల్ వచ్చింది. మరుసటేడు అక్కనిచ్చి పెళ్ళి చేశారు. ఇక అడిగేదేముంది, ఇంటల్లుడయ్యాడు.

ఫిబ్రవరి 2

ఇవాళ మట్టిలో నా వీపు వచ్చింది.

ఫిబ్రవరి 11

మొహం దగ్గర ఆగిపోయింది ఆవిడ. ఫైనల్లో ఓడినాయన ఎక్కడో పరాయి దేశంలో ఉన్నాడు, ఆయన ఓటమిని మన గేటు ముందు శాశ్వతంగా నిలబెట్టడం బాగుండదు అంది. అందుకని మీ మొహమే పెడుతున్నాను, అభ్యంతరమా అని అడిగింది. మీ ఇష్టమండీ అన్నాను, పెద్ద పట్టనట్టు.

బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఈ వయసులో సిగ్గులేకుండా. కానీ సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 19

బావ స్టూడియోకి వచ్చాడు. కర్ర పట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. నా మొహం దగ్గర ఆగాడు. అచ్చం బస్తానే అన్నాడు. తర్వాత నేరుగా వెళ్ళి కారెక్కాడు.

ఫిబ్రవరి 21

విగ్రహంలో ఒక్కరే ఉంటారట.

కబురు అక్కే చెప్పింది. బావకి చెప్పడానికి నోరు రాలేదు కాబోలు. కమిటీ నిర్ణయం అని మొదలుపెట్టింది. కమిటీకి ఛైర్మన్ ఎవరే అన్నాను. దాంతో అసలు సంగతి కక్కింది. ఆయన ఇన్నేళ్ళుగా ప్రతి సభలోనూ తెల్లవారకముందే లేచి ఒంటరిగా సాధన చేశానని చెబుతున్నాడు. పిల్లల పాఠంలోనూ అదే ఉంది. ఇప్పుడు రెండోవాణ్ణి నిలబెడితే వాడెవడని అడగరా?

"నువ్వెవరో అందరికీ చెప్పుకుంటూ తిరగాలా మేము?" అంది. అనేసి, తనే ఏడ్చింది. ఓదార్చాను కూడా. నా బతుకింతే.

ఫిబ్రవరి 22

ఒళ్ళు మండి పొద్దున్నే వెళ్ళాను. బావ మందులు వేసుకుంటున్నాడు. ఒంటరిగా కుస్తీ ఎలా పడతారో నాకూ నేర్పు బావా అన్నాను. నవ్వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మొహం వద్దులే, తల తీసేసి ఒళ్ళు మాత్రం ఉంచమను అన్నాను. ఎంతకు దిగజారానో చూడండి. నా తల నేనే తీసేయమన్నాను.

అప్పుడు మాత్ర చేతిలోనే పెట్టుకుని అన్నాడు.

"నిన్ను పెడితే నీ మెడ సంగతీ అడుగుతారు."

నేను మెడ మాటెత్తలేదు. ఇవాళే కాదు, ఎప్పుడూ ఎత్తలేదు. ఇన్నేళ్ళూ నేను మింగిన ప్రశ్నకి అడక్కుండానే జవాబు చెప్పేశాడు. చెప్పానని అతనికీ తెలిసింది. టీవీ పెట్టాడు. సౌండ్ పెంచాడు.

బయటికొచ్చేశాను. వాకిట్లో నా చెప్పు ఒకటి కనబడలేదు. అక్క వెతికి తెచ్చి, కింద పెట్టకుండా నా చేతికిచ్చింది.

మార్చి 3

విగ్రహం ఆవిడ ఫోన్. మట్టిలోంచి నన్ను తీసేసిందట. క్షమించమంది. చేతులు కూడా మార్చి, మెడల్ ఎత్తి చూపిస్తున్నట్టు పెట్టమన్నారట. మార్చనని చెప్పేసిందట. పట్టు అడిగారు, పట్టు చేశాను, నచ్చకపోతే వేరేవాళ్ళని చూసుకోండి అందట. ఆవిష్కరణ తేదీ ప్రకటించేశారు కదా, నోరు మూసుకున్నారు.

ఏప్రిల్ 15

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. వెనక వరసలో నిలబడ్డాను.

గుడ్డ లాగారు. బావ కంచులో మెరిసిపోతున్నాడు. మోకాళ్ళు వంచి, పళ్ళు బిగించి, రెండు చేతులూ చుట్టి, దేన్నో గట్టిగా పట్టుకున్నాడు. చేతుల మధ్య ఏమీ లేదు. జనం చప్పట్లు కొట్టడానికి కాస్త ఆలోచించారు. నా పక్కనున్నాయన, గ్యాస్ సిలిండర్ మోస్తున్నాడా అని పెళ్ళాన్ని అడిగాడు. సిలిండర్ ఎవరో ఎత్తుకుపోయారు అందావిడ.

మైకులో బావ మాట్లాడాడు. తెల్లవారకముందే లేచేవాణ్ణి అన్నాడు. ఒంటరిగా అన్నాడు.

ఏప్రిల్ 28

జనం ఆ చేతుల్లో దూరి ఫోటోలు దిగుతున్నారట. ఎవడో హెల్మెట్ తగిలించి పోయాడట. బావ అన్నం సరిగ్గా తినడం లేదని అక్క బాధపడింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. అక్క ఫోన్ పెట్టేసింది.

మే 2, ఉదయం 5.10

గేటు దగ్గర ఎవరూ లేరు. దిమ్మె ఎక్కి, కిందనుంచి ఆ చేతుల్లోకి దూరాను. సరిగ్గా సరిపోయాను. కంచు వీపుకి చల్లగా తగిలింది. మడమలు వాటంతటవే లేచాయి.

పడేస్తాడని ఎదురుచూశాను.